పెట్టె మూత మీద సున్నపు చుక్కలు

రేగులపాడు పట్టణంలోని చిన్న మ్యూజియంలో తవిటయ్య అనే అటెండరు ఉండేవాడు. చేతిలో గుడ్డ ఉంటే చాలు, ఇక ఎవరినీ ఏదీ అడగనక్కర్లేదనుకునేవాడు.

పనిదొంగ మాత్రం కాదు. అంతకంటే ప్రమాదం, పనిపిచ్చి ఉన్నవాడు. మెరవని వస్తువు కంటబడితే ఆయనకు అన్నం సహించేది కాదు. "దీన్నేం చెయ్యమంటారు?" అని ఒకరిని అడగడమంటే తన ముప్పై ఏళ్ళ సర్వీసుకే అవమానమనుకునేవాడు.

వానాకాలంలో ఆ మ్యూజియానికి నరపురుగు కూడా వచ్చేది కాదు. బడిపిల్లల విహారయాత్రలన్నీ చలికాలంలోనే. అందుకని శ్రావణంలో తలుపులు మూసి, లోపలి వస్తువులన్నీ ఒక్కొక్కటే దించి, దుమ్ము దులిపి, బూజు పట్టిందేమో చూసి, వేపాకు మార్చి మళ్ళీ సర్దేవాళ్ళు. ఆ ఏడు సరిగ్గా అప్పుడే అధికారి సుగుణగారికి వారం రోజుల శిక్షణ పడింది.

"తవిటయ్యగారూ, పొడిబట్ట తప్ప ఇంకేదీ వాడకండి. నీళ్ళు అసలు తగలనివ్వద్దు. దేనిమీదైనా మచ్చో గీతో కనబడితే ముందు నాకు ఫోన్ చెయ్యండి," అని వెళ్తూ వెళ్తూ చెప్పారావిడ.

"అలాగేనమ్మా! మీరు నిశ్చింతగా వెళ్ళిరండి," అన్నాడు తవిటయ్య. ఆవిడ బస్సెక్కిందో లేదో బకెట్టు, కొబ్బరిపీచు, కుంకుడు రసం సిద్ధం చేసుకున్నాడు.

నాలుగో రోజు మంత్రసాని పెట్టె వంతు వచ్చింది. ఆ చుట్టుపక్కల యాభై ఏళ్ళపాటు పురుళ్ళు పోసిన గున్నమ్మ కిందటేడు మ్యూజియానికి ఇచ్చిన టేకుపెట్టె అది. మూత ఎత్తి చూస్తే లోపలివైపు నిండా సున్నపు చుక్కలే! వరసలు వరసలుగా, వందల కొద్దీ.

"ఛీ ఛీ! తాంబూలం వేసుకోవడం, వేలికి మిగిలిన సున్నం దొరికిన చోటల్లా రాసెయ్యడం! స్తంభాలు అయ్యాయి, గోడలు అయ్యాయి, ఇప్పుడు పెట్టె మూతలు కూడానా?" అని జనాన్నంతా కలిపి తిట్టాడు తవిటయ్య. వేలు తుడుచుకున్న సున్నం ఇంత వరసగా ఎందుకుందని ఒక్క క్షణం అనుమానం రాకపోలేదు. ఫోను జేబులోనే ఉంది. "సున్నం మరకకి కూడా ఫోనా?" అనుకుని పీచు తడిపాడు. సగం మూత తోమేసరికి భోజనం వేళయింది.

తిని వచ్చేసరికి గుమ్మంలో గున్నమ్మే నిలబడి ఉంది. ఎనభై అయిదేళ్ళ మనిషి, కర్ర కూడా లేకుండా నిటారుగా ఉంది. కళ్ళకు నల్లద్దాలు.

"కళ్ళకి ఆపరేషనయ్యిందిరా నాయనా. నాలుగేళ్ళ తరవాత లోకం తేటగా కనబడతంది. ఊరెళ్ళే ముందు నా పెట్టె ఓసారి సూసుకుందావని వచ్చినాను," అంది.

తవిటయ్యకు ఉత్సాహం ముంచుకొచ్చింది. "మంచి వేళకు వచ్చావమ్మా! ఎవరో సున్నం పూసి పాడుచేశారు. సగం బాగుచేశాను, ఎలా మెరుస్తోందో చూడు!" అని మూత ఎత్తి చూపించాడు.

గున్నమ్మ అద్దాలు తీసింది. శుభ్రంగా ఉన్న సగం మీద అరచెయ్యి వేసి నిమిరింది.

"ఎవులో కాదురా, నేనే ఎట్టినాను. బిడ్డ నా సేతుల్లో పడిన పూటల్లా ఒక సుక్క. వీధికో వరస. నాకు అచ్చరం ముక్క రాదు కదా, అంచేత ఇలాగ గురుతెట్టుకున్నాను. పెట్టె ఇచ్చినప్పుడు ఇయ్యేటని ఎవులూ అడగనేదు."

గున్నమ్మ తల తిప్పి తవిటయ్య ముఖంలోకి పరీక్షగా చూసింది.

"నువ్వు కొత్తవీధి పోలమ్మ కొడుకువి కావేటి?" అని అడిగింది గున్నమ్మ.

"అవునమ్మా."

"మీ వీధి వరస ఇక్కడే ఉండీది. అందులో నీ సుక్క ఉంది. నీకు ముందు మీ అక్కది. మూడు రోజులే బతికింది, పేరైనా ఎట్టనేదు."

ఆ అక్క కోసం తవిటయ్య తల్లి తాను పోయేదాకా ఏడ్చింది. ఫొటో లేదు, జాతకం లేదు, గుర్తుకి గుడ్డపీలికైనా మిగల్లేదని ఏడ్చింది. మిగిలిన ఆ ఒక్క గుర్తునూ ఆయన కుంకుడు రసం పోసి మరీ తోమేశాడు.

"నాది పోతే పోయింది గానీ, మా అక్క చుక్క మళ్ళీ పెట్టమ్మా. సున్నం తెస్తాను," అన్నాడు ఏడుపు ఆపుకోలేక.

"బిడ్డని పట్టుకున్న సేత్తో ఎట్టిన సుక్కరా అది. ఈయాల ఎడితే వట్టి సున్నం," అంది గున్నమ్మ. తర్వాత ఆయన వీపు తట్టింది. "ఏడిసింది సాలు గానీ, మిగిలినోళ్ళని సూడు. ఆ పీచు అవతల పారెయ్."

తవిటయ్య పీచు పారేసి, జేబులోంచి ఫోను తీశాడు. సర్వీసులో మొదటిసారి అధికారికి ఫోన్ చేసి, "తప్పు చేశానమ్మా," అని జరిగిందంతా దాచకుండా చెప్పాడు. "గున్నమ్మగారిని రెండు రోజులు ఉండమని బతిమాలండి. మిగిలిన చుక్కలు ఎవరెవరివో అడిగి రాసుకోండి," అన్నారు సుగుణగారు. ఆ రెండు రోజులూ గున్నమ్మ చెబుతూ ఉంటే తవిటయ్య ఆమె ముందు కూర్చుని ఒక్కో చుక్కకూ అడిగి అడిగి రాశాడు.

చలికాలం తలుపులు తెరిచేసరికి ఆ పెట్టె పక్కన ఒక అట్టముక్క వెలిసింది. "ఈ మూతలో సగం మంది బిడ్డల గుర్తులు మురికి అనుకుని తుడిచేసినవాడు తవిటయ్య" అని ఉంది దాని మీద. పేరు తీసెయ్యమని సుగుణగారు ఎంత చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. బడిపిల్లలు వచ్చినప్పుడల్లా తనే ముందుకొచ్చి, "ఆ తవిటయ్యను నేనే," అని కథంతా చెప్పేవాడు.

నీతి: మనకు అర్థం కానిదల్లా మురికి కాదు. ముందు అడిగి తుడవాలి; తుడిచేశాక ఎవరిని అడిగినా పోయింది తిరిగి రాదు.