ఏడో వరసలో వెలసిన తొంగిచూపులమ్మ

చిప్పలరేవు మంచు అరేనాకు వచ్చే భక్తులు ముందుగా ద్వారం పక్కనున్న నల్లరాతి ఫలకం మీద సూరాడ ఎల్లాజీ పేరు చదవవలసి ఉంటుంది. అమ్మవారి పేరు దాని కింద ఉంది. దీనిని గర్వం అనుకునేవారు ఉన్నారు. ఎల్లాజీ ఉద్దేశం వేరు. ఫలకాన్ని ఎవరైనా పైనుంచి కిందికే చదువుతారు, చివర చదివినదే మనసులో నిలుస్తుంది. భక్తుల మనసులో అమ్మే నిలవాలని అతడు తన పేరును పైన వేయించుకొని త్యాగం చేశాడు. ఆ త్యాగం దూరంనుంచి కూడా తెలియాలని అక్షరాలు జానెడు ఎత్తున చెక్కించాడు.

ఈ చిన్న పుస్తకం రాసినవాడూ అతడే. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా ఐసుమిల్లు గోడకు అతికించిన పాత పేపర్లది. ఇందులో ఎక్కడైనా వాక్యం చిరిగిపోయినట్టు అనిపిస్తే భక్తులు క్షమించాలి, పేపరు అంతవరకే ఉండేది.

నేడు ఈ క్షేత్రం రేవుకు పడమరగా, పడవలు ఆగే గట్టుకు రెండు ఫర్లాంగుల దూరంలో ఉంది. బయట ఎండకు ఉప్పుచేపలు ఆరుతుంటాయి. లోపల అడుగు పెట్టగానే ముక్కు కొస చల్లబడుతుంది. కింద మంచు గచ్చు మీద రెండు జట్లు, జట్టుకు ఆరుగురు, కాళ్ళకు కత్తుల బూట్లు బిగించుకొని, వంపు కర్రలతో ఒక నల్ల రబ్బరు బిళ్ళ కోసం కొట్టుకుంటూ ఉంటారు. మనవారి జట్టు పేరు సొరలు. మంచు చుట్టూ గాజు గోడ, గాజు చుట్టూ మెట్లు మెట్లుగా సీట్లు. ఎడమవైపు ఏడో వరసలో, ఒక ఇనుప స్తంభం వెనక, ప్రేక్షకుల నడుమ అమ్మవారు కొలువై ఉంటుంది. గర్భగుడి లేదు, తలుపులు లేవు. ముఖం మంచు వైపు ఉంటుంది, మెడ ఎడమకు వాలి ఉంటుంది. కొబ్బరికాయతో వచ్చినవారికి ముందుగా కనబడేది అమ్మ వీపే. కొత్తవారు నొచ్చుకొని, "ఇదేమిటండీ, అమ్మ మనవైపు చూడదా?" అని అడుగుతుంటారు. అలా అడిగేవారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ ఐసుమిల్లు ఉండేది. పూర్వం అంటే కృతయుగం కాదు, ఎల్లాజీకి తల నిండా జుట్టున్న కాలం. చేపల పడవలకు కావలసిన ఐసు దిమ్మలన్నీ ఈ మిల్లులోనే గడ్డకట్టేవి. ఉప్పునీటి తొట్టి పక్కన మూరెడు ఎత్తు రాయి ఒకటి ఉండేది. దానిని పోలమ్మ అనేవారు. యంత్రం తిప్పే ఎల్లాజీ రోజూ పని ఎక్కేముందు ఆ రాతికి ఇంత పసుపు రాసి, "తల్లీ, మిషను ఆగకుండా సూడు" అని దండం పెట్టుకొనేవాడు.

కొన్నాళ్ళకు పెద్ద పడవలు పెద్ద రేవులకు తరలిపోయాయి. మిల్లు మూతపడింది. మీట దింపవలసిన చెయ్యి ఎల్లాజీదే అయింది. ముప్పై ఏళ్ళుగా చెవిలో ఉన్న మోత ఒక్కసారిగా ఆగిపోయేసరికి అతని ఒంట్లో కుదురు పోయింది. కూర్చుంటే మోకాలు ఊగేది. నిలబడితే ఇల్లంతా తిరిగేవాడు. అన్నానికి పీట వేస్తే పీట చుట్టూ తిరిగేవాడు. అతని భార్య నూకరత్నం విసిగిపోయి, "మిల్లు ఆగిపోతే ఆగింది, నువ్వెందుకు తిరుగుతున్నావు మావా?" అని అడిగింది.

నాలుగేళ్ళ తరువాత ఒక కంపెనీవారు వచ్చి, మిల్లు కొట్టాన్ని మంచు హాకీ అరేనాగా మార్చారు. పాత యంత్రానికి కొత్త గొట్టాలు బిగించి, దానిని తిప్పడానికి ఎల్లాజీనే పిలిచారు. దిమ్మలు చేసిన చేతికి మంచు గచ్చు పరచడం పెద్ద కష్టం కాలేదు. గీతలు కరిగేలా వేడినీళ్ళు పోసి, అద్దంలా నున్నగా తీర్చి, అందులో తన ముఖం చూసుకొని మురిసిపోయేవాడు. మేనేజరు రంగధామం గారు మర్యాదస్తులు. "భక్తి భక్తే, ఆట ఆటే" అంటూ పోలమ్మ రాతిని లోపలినుంచి తీయించి, గేటు బయట చిన్న మండపం కట్టించి అందులో పెట్టించారు. ముఖం రోడ్డు వైపు.

ఆటలు మొదలయ్యాయి. మొదటి రోజు రేవంతా కదిలి వచ్చింది. రెండో ఆటకు సగం వచ్చింది. ఐదో ఆట నాటికి వచ్చినవారు కూడా పెళ్ళిలో అవతలి వైపు చుట్టాల్లా మౌనంగా కూర్చొని, ఆట సగంలోనే లేచి పోసాగారు. లోపం ఎక్కడుందో ఎల్లాజీకి అంతుపట్టలేదు. జనం తన మంచు చూడడానికే వస్తారని అతని నమ్మకం, మంచు చూస్తే నున్నగానే ఉంది. ఇంతలో ఈ పోటీలు నడిపే లీగువారి ఉత్తరం వచ్చింది. మిగిలిన మూడు ఆటలకూ ఇలాగే ఉంటే సొరలను మరో నగరానికి తరలిస్తామని దాని సారాంశం.

"అంటే మిషను మళ్ళీ ఆపాలా బాబూ?" అని అడిగాడు ఎల్లాజీ.

"జట్టు లేనిచోట మంచు ఎవరికయ్యా?" అన్నారు రంగధామం గారు.

ఆ మధ్యాహ్నం అతడు యంత్రం గదిలో గోడకు చేరగిలబడి ఉండగా కునుకు పట్టింది. కలలో పోలమ్మ వచ్చింది. పసుపు ముఖం చిటపటలాడుతోంది. "ఒరే ఎల్లాజీ! దర్శనం అవట్లేదురా!" అని ఒక్కమాట అని మాయమైంది.

అతడు ఉలిక్కిపడి లేచి, కలను అక్షరం పొల్లుపోకుండా మేనేజరుకు విన్నవించాడు. ఇద్దరూ ఆలోచించి ఒకే అర్థానికి వచ్చారు. అమ్మ రోడ్డు పక్కన పడి ఉంది, భక్తులకు దర్శనం అవట్లేదు, అందుకే కోపగించింది! వెంటనే మండపానికి రంగుల దీపాలు కట్టారు, ఇత్తడి కటకటాలు బిగించారు, మైకు పెట్టారు. తరువాతి ఆట రోజు జనం బాగానే వచ్చారు. అమ్మను కళ్ళారా చూసి, ప్రసాదం తిని, గేటు దగ్గరినుంచే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

రెండు రోజులకు మళ్ళీ పగటి కునుకు, మళ్ళీ అమ్మ. ఈసారి గొంతు పెద్దదైంది. "దర్శనం అవట్లేదంటే నీకు అర్థం కాదట్రా, మట్టిబుర్రా?"

దీపాలు చాలలేదని ఎల్లాజీకి తోచింది. రాతిని మండపం నెత్తికి ఎక్కించి, ఊరి పొలిమేర దాకా కనబడేలా వెనక అద్దాల మకరతోరణం నిలిపాడు. ఆ వారం ఆటకు వచ్చినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఇక మిగిలింది ఒక్క ఆట, ఎనిమిది రోజుల గడువు. ఎల్లాజీ మోకాలు మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది.

ఆనాడు ఖాళీ సీట్ల మధ్య ఊడుస్తూ అతడు ఏడో వరసకు వచ్చాడు. అక్కడ వాసుపల్లి మాసమ్మ ఒక్కతే మిగిలి, మెడ రుద్దుకుంటోంది. ఆమె చేపలు అమ్మే మనిషి, ఎల్లాజీకి అత్త వరస, మనిషి పొట్టి. ఒక్క ఆట కూడా మానలేదు.

"మెడకేటైంది అత్తా?"

"నీ స్తంభం అయ్యింది! రెండు నెల్లయి దీనెనక తొంగి తొంగి సూసి మెడ ఇరిగిపోనాది. ఆ పక్కకెళ్తే జెండా, ఈ పక్కకెళ్తే ముందోడి బుర్ర. నాకు ఒక్క ఆట దర్శనం అవనేదురా అల్లుడా."

ఎల్లాజీ చేతిలోని చీపురు కింద పడింది. "ఏటన్నావు?"

"దర్శనం అవనేదన్నాను. చెవుడా?"

"అత్తా, అమ్మ కలలో కూడా ఈ మాటే అంది! నేను దీపాలెట్టాను…"

మాసమ్మ నోరు నొక్కుకొని కిసుక్కున నవ్వింది. "ఓరి ఎర్రిబాగులోడా! ఆవిడికి అవట్లేదని ఆవిడంటే, ఆవిడ్ని అందరికీ సూపిత్తావేటి? ముప్పయ్యేళ్ళు ఈ కొట్టంలో కూకుంది. బైటికీడ్చి రోడ్డుకేసి తిప్పీసినారు. ఇక్కడ కేకలినబడతన్నాయి, ఆటేమో కనబడదు. నీకు కోపం రాదేటి?"

అప్పుడు ఎల్లాజీ జీవితంలో మొదటిసారి ప్రేక్షకుల సీట్లో కూర్చున్నాడు. అంతవరకు అతడు ఆటను యంత్రం గది గుమ్మంనుంచి, మంచు అంచున నిలబడే చూశాడు. మాసమ్మ సీట్లోనుంచి చూస్తే స్తంభం కనబడింది, గాజుకు అంటించిన ప్రకటనల గుడ్డ కనబడింది, గాజు పక్కన పెద్దమనుషుల కోసం వేసిన సోఫాల వీపులు కనబడ్డాయి. ప్రాణం పెట్టి నున్నగా చేసిన మంచు మాత్రం అరచేయంత కనబడింది.

అతడు లేచి పక్క సీట్లో కూర్చున్నాడు. తరువాత దాని పక్క సీట్లో. కుదురులేని మనిషికి తగిన పని దొరికింది. రెండు రోజుల్లో రెండువేల సీట్లలోనూ కూర్చొని లేచాడు. రెండు వైపుల గోలు వలలూ కనబడని సీటుకల్లా సుద్దముక్కతో అడ్డగీత పెట్టాడు. మూడో రోజు ఉదయానికి అరేనా సుద్దతో తెల్లగా అయిపోయింది. సొరలు సాధన చేస్తున్న సమయంలో రంగధామం గారిని తీసుకొచ్చి మాసమ్మ సీట్లో కూర్చోబెట్టాడు.

"బాబూ, ఇప్పుడు బిళ్ళ ఎక్కడుంది?"

ఆయన చాలాసేపు అటూ ఇటూ వంగి చూశారు. "స్తంభంలో ఉన్నట్టుందయ్యా" అన్నారు.

ఆ తరువాత ఆయన పెద్దగా అడ్డు చెప్పలేదు. సోఫాల దగ్గర మాత్రం, "పెద్దలు ఏమనుకుంటారో" అని నసిగారు. "పెద్దలెప్పుడొచ్చారు బాబూ? సోపాలే వచ్చి కూకున్నాయి" అంది మాసమ్మ. సోఫాలు బయటికి వెళ్ళాయి. పడవలు చేసే వడ్రంగులు వచ్చి, మిల్లులో మిగిలిన చేపల పెట్టెలను బోర్లించి, వెనక వరసలను ఒకదాని మీద ఒకటి నిటారుగా లేపి, ముందు వరసలను గాజుకు ముక్కు ఆనేంత దగ్గరకు జరిపారు. ప్రకటనల గుడ్డలు, జెండాలు దించారు. చప్పుడు తగ్గి మర్యాదగా ఉంటుందని రేకుల కింద మేనేజరు కట్టించిన దళసరి తెర కూడా ఊడింది. ఊడిన క్షణాన వడ్రంగి చేతిలోని సుత్తి జారి పడితే ఆ మోత కొట్టమంతా నాలుగుసార్లు తిరిగి వచ్చింది. ఎల్లాజీకి ఎందుకో కళ్ళు చెమర్చాయి.

చివరికి ఒక్క సీటు మీద అడ్డగీత చెరగలేదు. అది మాసమ్మదే. పైకప్పు బరువంతా ఆ స్తంభం మీదే ఉంది, దానిని తీయడం ఎవరి తరమూ కాదు.

ఆట రోజు ఉదయం పోలమ్మను మండపం దించి, దిమ్మలు మోసే బండి మీద లోపలికి తెచ్చారు. మొదటి వరస నడుమ ప్రతిష్ఠించాలని నిర్ణయం. మెట్ల మీదుగా దించుతుండగా ఏడో వరస దగ్గర రాయి బరువెక్కింది. ఎనిమిది మంది పట్టినా కదలలేదు. ఊపిరి తీసుకుందామని స్తంభం వెనక సీట్లో దించారు. దించగానే ఎడమకు వాలింది. నిటారుగా నిలిపారు, మళ్ళీ వాలింది. కింద పెట్టె వంకరగా ఉందని రంగధామం గారు పెట్టె మార్పించారు. మళ్ళీ అంతే వాలింది, వెంట్రుకవాసి తేడా లేదు.

మాసమ్మ రాతి పక్కన ఒదిగి కూర్చొని, తన తలను కూడా అంతే వాల్చి చూసింది. "ఒలమ్మా! ఇలాగైతే మొత్తం కనబడతందిరా!" అని అరిచింది. తరువాత నెమ్మదిగా, "నా సీటు ఎత్తుకుపోనాదిరా అల్లుడా" అంది.

అప్పుడు ఎల్లాజీకి తెలిసింది. అరేనాలో చెడ్డ సీటు ఒక్కటే మిగిలింది. దానిని మనిషికి వదలకుండా అమ్మ తానే తీసుకుంది. పోలమ్మకు తొంగిచూపులమ్మ అనే పేరు ఆ పూటనే వచ్చింది.

మాసమ్మకు అమ్మ ముందు, ఆరో వరసలో, స్తంభానికి పక్కగా సీటు ఇచ్చారు. సాయంత్రం ఆట మొదలయ్యే ముందు ఆమెకు ఒక సందేహం వచ్చి వెనక్కి తిరిగింది. "అమ్మా, నా బుర్ర అడ్డం నేదు గదా? కనబడతందా?" అని అడిగింది. అది విని ఆమె పక్కనున్న పడవ మేస్త్రి సిగ్గుపడి తానూ వెనక్కి తిరిగాడు. "కనబడతందా బావా?" వెనకాయన తన వెనకవారిని అడిగాడు. ఆ మాట వరస వరసకీ పాకి, రేకులకు తగిలి, తిరిగి కిందికి దిగేసరికి మంచు మీద సిద్ధమవుతున్న రెండు జట్లవాళ్ళూ ఆగి తలలెత్తి చూశారు. మొన్నటిదాకా గొంతు విప్పని రేవు ఆ తరువాత నోరు మూయలేదు. రేకుల కింద పేరుకున్న తేమ చినుకులుగా రాలింది.

సొరలు ఆ రోజు ఆరు గోలుల తేడాతో ఓడిపోయారు. సగంలో లేచినవాడు ఒక్కడు లేడు. లీగునుంచి పరిశీలనకు వచ్చిన పెద్దమనిషి చెవుల్లో వేళ్ళు పెట్టుకొనే ఉండి, ఆట అయ్యాక వేళ్ళు తీసి, "వీళ్ళు గెలిస్తే ఏం చేస్తారు?" అని అడిగాడు. జట్టు ఇక్కడే ఉండిపోయింది. ఎల్లాజీ మీట దింపవలసిన అవసరం రాలేదు.

నేటికీ ఈ క్షేత్రంలో గంట లేదు. ఈల ఊదే ముందు ప్రతివారూ వెనక్కి తిరిగి "కనబడుతోందా?" అని అడగాలి. కనబడుతోందన్న జవాబు వచ్చాకే కూర్చోవాలి, రాకపోతే సీటు మార్చుకోవాలి. చిట్టచివరి వరసవారు గోడను అడుగుతారు. గోడకు అవతల సముద్రం ఉంది, జవాబు అక్కడినుంచి వస్తుందంటారు. ఆ మాటను మొక్కుబడిగా కాక నిజంగా అడిగినవారికి మెడనొప్పులు తగ్గుతాయనీ, కంటిచూపు నిలుస్తుందనీ, ఇంట్లో ఎదుటివారి మొహం చూడక ఏళ్ళయిన భార్యాభర్తలకు కూడా చూపులు కలుస్తాయనీ అనుభవజ్ఞులు చెబుతారు. ఓడిన రోజు ప్రసాదం రెట్టింపు పెడతారు. ప్రసాదానికి ఈ క్షేత్రంలో ఎన్నడూ కొరత రాలేదు.

ఇక ఎల్లాజీ సంగతి. ఇన్ని సీట్లలో కూర్చొని చూసిన మనిషి అతడొక్కడే. అయినా ఇంతవరకు ఒక్క గోలు కూడా పడుతుండగా చూడలేదు. బిళ్ళ ఎటు పోతుందో అతని కంటికి అందదు. జనం లేచాక లేస్తాడు, జనం అరిచాక అరుస్తాడు. మాసమ్మ ఎన్నోసార్లు వేలు పెట్టి చూపింది. అతనికి ఇంకా ఆ చూపు రాలేదు.