దొడ్డిదారి

ఉదయం ఆరుంపావు. చెరకుతోట గట్టు మీద ఎలుక గౌరమ్మ బొరియలోంచి మన్ను బయటికి తోస్తోంది. లోపల అయిదు పిల్లలు. ఇంకా కళ్లు తెరవలేదు.

నక్క వచ్చి కూర్చుంది. వారం నుంచి అది బొరియలకు అంకెలు వేస్తోంది. లోపలి దారి ఎన్నిచోట్ల చీలితే అంత అంకె. ఎనిమిది దాటితే ప్రమాదం. దాటకపోతే క్షేమమని గుమ్మం పక్కన పంజాతో మట్టిముద్ర.

"నీదెంత, గౌరమ్మా?"

"తొమ్మిది, నక్కబావా."

"అయ్యో, పిల్లలతల్లివి! పాము దూరి ఏ చీలికలో నక్కిందో ఎలా తెలుస్తుంది? ఆ వెనకదారి పూడ్చెయ్. దొడ్డిదారి దొంగలకు గానీ మర్యాదస్తులకెందుకు?"

గౌరమ్మ సిగ్గుతో తల వంచుకుంది.

ఎలా పూడ్చాలో అడుగుదామని పందికొక్కు సూరయ్య ఇంటికి వెళ్లింది. ఆయన అంకె మూడు. గట్టు మొత్తానికి అదే మేలైన అంకె. పిలిస్తే పలకలేదు. గుమ్మం తవ్వేసి ఉంది. దారి చివర, గోడకు అంటుకుని రెండు మీసాలు.

"పాము పనే" అన్నారు ఇరుగుపొరుగు.

పాము తవ్వదు. గౌరమ్మ గట్టంతా తిరిగి చూసింది. ముద్ర పడ్డ బొరియలు ఏడు, వాటిలో అయిదు ఖాళీ. పద్నాలుగు అంకె వచ్చిన చుంచెలుక రామక్క ఇంటినిండా పిల్లలు.

"నీకు భయం లేదా, అక్కా?"

"లేకేం! అందుకేగా దొడ్డిదారి ఉంచుకున్నా. కంచే చేను మేస్తోందే, పిచ్చిదానా."

మర్నాడు నక్క వచ్చింది. "ఇప్పుడెంత?"

"ఎనిమిది."

నక్క ముద్ర వేసి వెళ్లింది. ఏ చీలిక పూడ్చావని అడగలేదు. గౌరమ్మ పూడ్చింది గింజల గది.

ముద్ర ఆరకముందే పిల్లల్ని ఒక్కొక్కటిగా వెనకదారిన మోయసాగింది. నాలుగు దాటాయి. అయిదోదాన్ని నోట కరుచుకునేసరికి గుమ్మం దగ్గర గోళ్ల చప్పుడు. పైకప్పు రాలింది. పంజా ఆమె తోకను తాకింది. గౌరమ్మ వెనక్కి చూడలేదు.

నక్క తవ్వుతూ పోయి ముక్కునిండా మట్టితో ఖాళీ గదిలో ఆగింది.

"మర్యాదస్తురాలివి, దొంగదారిన పోతావా?" అని అరిచింది.

గట్టు అవతల నుంచి జవాబొచ్చింది: "మర్యాద సూరయ్యతోనే పోయింది, బావా!"

ఎవరు బతికారో చూడకుండా వేసిన అంకె ఎవరి ప్రాణాన్నీ కాయదు.

నాలుగు రోజుల తర్వాత ముళ్లపంది చెబితే తెలిసింది: నక్క సొంత బొరియకు పదకొండు చీలికలు, అందులో మూడు దొడ్డిదారులు.