చల్లగా ఉన్నప్పుడు నలభై

కొండ మీద ఒక ఊరు. పది ఇళ్లు, ఒక నీటిచక్రం, ఒక మీటరాయన.

వాగు తిప్పే ఆ చక్రం వెయ్యి వాట్ల కరెంటు ఇచ్చేది. ఇంటికి నూరు. ఎవరైనా అత్యాశకు పోతే చక్రం మొరాయించేది, ఊరంతా ఆరిపోయేది. అందుకే ఇంట్లోకి ఏ కరెంటు వస్తువు రావాలన్నా ముందు మీటరాయన ఒళ్లోకి రావాలి.

ఆయన దాని రెండు కొసలకు మీటరు తీగలు ఆనించి, అది కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే ఓములు చూసి, కళ్లు మూసుకునేవాడు. "వోల్టులు రెండొందల ముప్పై. వాటిని ఓములతో భాగిస్తే ఆంపియర్లు. ఆ ఆంపియర్లని మళ్లీ వోల్టులతో గుణిస్తే వాట్లు. దేవుడొచ్చినా ఇంతే!"

ఆయన వద్దన్న ఇస్త్రీపెట్టెను ఒకసారి దర్జీ దొంగచాటుగా పెట్టాడు. చక్రం టక్కున ఆగింది. ఆ రోజు నుంచి మీటరాయన మెడ కిందికి వంగడం మానేసింది.

ఊరి చివర గుడ్లవ్వ ఉండేది. పొదుగుతున్న కోడిని మొదటి వారంలోనే ముంగిస ఎత్తుకుపోతే, అవ్వ పన్నెండు గుడ్లనీ బుట్టలో సర్ది, పైన ఒక పాత బల్బు వేలాడదీసింది. దాని గాజు మీది అంకె ఎప్పుడో చెరిగిపోయింది. పద్దెనిమిదో రోజు పొద్దున మీటరాయన వచ్చాడు. బల్బు ఊడదీశాడు. చెయ్యి కాలింది. ఊదుకుంటూ, అది చల్లారేదాకా ఆగి, అప్పుడు తీగలు ఆనించాడు.

"నలభై ఓములు!" కళ్లు మూసి తెరిచాడు. "అవ్వా, ఇది బల్బు కాదు, బకాసురుడు. పదమూడొందల ఇరవై రెండు వాట్లు మింగుతుంది!"

"మరి ఇన్నాళ్లూ చక్రం ఆగలేదేం నాయనా?"

జవాబు దొరకనప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు. "లెక్కకి ఎదురు చెప్పకు," అని గద్దించాడు.

"ఇంకో మూడు రోజులే. పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చేస్తాయి."

వినలేదు. బల్బు పట్టుకుని చక్రం దగ్గరికి నడిచాడు. పట్టుకెళ్లి ఊరుకున్నా బాగుండేది. ఊరికి బుద్ధి చెప్పాలనుకున్నాడు. అందర్నీ పిలిచి, వోల్టులకొక మీటరు, ఆంపియర్లకొక మీటరు తగిలించి, "చూడండి, వేయగానే చక్రం ఎలా మూలుగుతుందో!" అని స్విచ్చి వేశాడు.

బల్బు వెలిగింది. చక్రం తన పాట తాను పాడుకుంటోంది. ఆంపియర్ల ముల్లు బద్ధకంగా లేచి, సగం దాకా కూడా రాకుండా, సున్నా పాయింట్ నలభై మూడు దగ్గర కూలబడింది.

"బకాసురుడికి ఇవాళ ఉపవాసమేమో మీటరయ్యా!" అన్నాడు దర్జీ. ఊరు గొల్లుమంది.

ఆయన కళ్లు మూసుకోకుండానే లెక్క కట్టాడు. రెండొందల ముప్పైని ఆ ముల్లు చూపిన అంకెతో గుణిస్తే వాట్లు తొంభై తొమ్మిది. భాగిస్తే ఓములు ఐదొందల ముప్పై అయిదు. ఆర్పాడు, చల్లార్చాడు, తీగలు ఆనించాడు. నలభై. మళ్లీ వెలిగించాడు. ఐదొందల ముప్పై అయిదు. వెలుగుతున్నప్పుడు వేడికి లోపలి తీగ అడ్డు పెరిగి, అది తనంతట తానే ఒదిగి తింటోంది. ఆరిపోయి ఉన్నప్పుడు చూసి ఆయనే దాన్ని తిండిపోతు చేశాడు.

ఆయన చెవులు బల్బు కంటే ఎర్రగా ఉన్నాయి. వేడి బల్బును కండువాలో చుట్టుకుని పరుగెత్తాడు.

అవ్వ గుమ్మంలో ఎండకి కూర్చుని ఉంది. చీర కొంగు కింద, ఒడిలో పదకొండు గుడ్లు. పట్టని పన్నెండోది పాతగుడ్డలో చుట్టి పక్కనుంది. పొద్దున్నుంచీ ఆమె కదల్లేదు, తినలేదు.

"ఇంతకీ నా ఒడి ఎన్ని వాట్లు నాయనా?" అంది.

ఆయన మెడ వంగింది. బల్బు బిగించాడు.

మూడు రోజులూ అక్కడే ఉన్నాడు. ఇరవై ఒకటో రోజున పదకొండు పెంకులు పగిలి, పదకొండు గోలలు లేచాయి. పన్నెండోది కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. ఆయన దాని ముందు నుంచి లేవలేదు.

"ఇంక చాల్లే, చెప్పెయ్," అంది అవ్వ.

"కదలనిదాన్ని చూసి నేనింక ఏమీ చెప్పనవ్వా."

"ఆ రోజు తొందరపడ్డావు, ఇవాళ తప్పించుకుంటున్నావు. ఇన్నాళ్లూ వెలుగులోనే ఉంది కదా. ఇప్పుడు చూసి చెప్పు."

ఆయన గుడ్డును వెలుగుతున్న బల్బుకు ఆనించి చూశాడు. లోపల ఏదీ మెదల్లేదు. చాలాసేపు చూశాడు.

"చచ్చిపోయింది," అన్నాడు. "నా వల్లే."

అవ్వ పెంకు ఒలిచి, లోపలి పిల్లను పెరట్లో పాతిపెట్టింది. పెంకు మాత్రం ఆయన అడిగి తీసుకున్నాడు.

ఆ వారం దర్జీ ఒక బల్బు తెచ్చాడు. మీటరాయన దాన్ని ఒళ్లో పెట్టుకోలేదు. వేలాడదీసి, వెలిగించి, ఎదురుగా కూర్చుని, రెండు ముళ్లూ నిలకడకొచ్చేదాకా ఎదురుచూశాడు.

దర్జీ ఊరుకుంటాడా? మీటరు పెట్టెలోకి తొంగిచూశాడు. "ఈ గుడ్డు పెంకు ఎందుకయ్యా ఇందులో?"

"బరువుకి. మెడ వంగి ఉండాలిగా," అన్నాడు మీటరాయన.