పుచ్చుకోని దాలినాయుడు

గుల్లపేట ఉప్పు మడుల్లో దాలినాయుడు అనే రైతు ఉండేవాడు; అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సాయం చేసేవాడు గానీ, ఎవరి సాయమూ పుచ్చుకునేవాడు కాదు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. మబ్బు పట్టిందంటే, ఎవరి ఉప్పు కుప్ప బయట ఉంటే వారి మడి దగ్గరికి అందరూ పరుగెత్తి తాటాకులు కప్పేవారు. దానికి కూలి లేదు. దాలినాయుడు అందరికన్నా ముందు వెళ్లేవాడు. తన కుప్ప మీద మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. తన చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలని అతని పట్టుదల. జనం దాన్ని మంచితనం అనుకున్నారు. నన్నడిగితే అది అహంకారమే, కాకపోతే మంచి బట్టలు కట్టుకుంది. రానురాను అతన్ని సాయం పిలవడానికే ఊరివాళ్లు మొహమాటపడ్డారు.

ఒక వేసవి చివర దాలినాయుడికి జ్వరం తగిలింది. ఆ ఏడు పండిన ఉప్పంతా గట్టు మీద రెండు కుప్పలుగా ఉంది. అది పోతే వానాకాలమంతా ఇంటిల్లిపాదికీ పస్తులే. మధ్యాహ్నానికి సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. అతను వణుకుతూ ఒక్కడే తాటాకులు మోస్తుంటే, పక్క మడి పారమ్మ నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చింది.

"నువ్వు కూకో మరిదీ, మేం కప్పుతాం," అంది.

"నా పని నాను సేసుకుంటాను. మీరెల్లండొదినా," అన్నాడు దాలినాయుడు.

వద్దన్నవాడి కుప్పను ముట్టుకోవడం ఆ ఊరి మర్యాద కాదు. అందరూ గట్టు మీదే నిలబడిపోయారు. వాన విరుచుకుపడింది. అతను ఒక కుప్ప కప్పేలోగా రెండోది కరిగి కాలవలో కలిసిపోయింది. దాలినాయుడు బురదలో కూలబడి ఏడ్చాడు.

వాన కాస్త తెరిపిచ్చింది గానీ, వెనకాల ఇంకో మబ్బు లేస్తోంది. మిగిలిన కుప్ప మీది ఆకులు గాలికి చెదిరిపోయాయి. అప్పుడు పారమ్మ కోడలు విమల అతని పక్కన కూర్చుంది. ఆమె హైస్కూల్లో సైన్సు చెప్పేది.

"మావయ్యా, ఈ ఉప్పు దేనితో అయిందో తెలుసా? సోడియం పరమాణువుకి బయటి వరసలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉంటుంది. క్లోరిన్‌కి సరిగ్గా ఒకటి తక్కువ. సోడియం ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. దాంతో రెండూ అయాన్లవుతాయి. ఒకదానిది ధనావేశం, రెండోదానిది రుణావేశం. అందుకే ఒకదాన్నొకటి లాక్కుని గట్టిగా పట్టుకుంటాయి. క్లోరిన్ నాకొద్దని మొహం తిప్పుకుంటే సోడియం ఎవరికిస్తుంది? ఇన్నేళ్లూ మీరు మాకు ఇచ్చారు. మమ్మల్ని మాత్రం ఇవ్వనివ్వలేదు."

దాలినాయుడు తలెత్తి చూశాడు. తను పొమ్మన్నవాళ్లలో ఒక్కరూ పోలేదు. అందరూ తడిసి ముద్దై గట్టు మీదే ఉన్నారు. అతనికి సిగ్గేసింది. బురదలోంచి లేచి పారమ్మ వైపు తిరిగాడు.

"నా వొల్ల కాదొదినా," అన్నాడు. "రండి."

వాళ్లు పరుగున వచ్చి కప్పారు. ఆ కుప్ప నిలిచింది. కరిగిపోయింది మాత్రం తిరిగి రాలేదు, ఆ ఏడు ఆ ఇల్లు సగం కడుపుతోనే గడిపింది.

ఇవ్వడం ఒక్కటే గొప్ప కాదు. ప్రేమతో ఇచ్చినదాన్ని తలవంచి పుచ్చుకోగలిగినప్పుడే మనుషుల మధ్య బంధం ఏర్పడుతుంది.