తోడుకి చెంచాడు

మాణిక్యాంబ గారిని ప్రశ్న అడగాలంటే ముందు కొంగు బిగించుకోవాలని, ఆవిడ దగ్గర పాట నేర్చుకునేవాళ్ళు నవ్వుకునేవారు. ఎందుకంటే ఆవిడ జవాబు చెప్పదు, పని చెబుతుంది. రాగం గురించి అడిగితే గుమ్మం కడగమంటుంది. కష్టం గురించి అడిగితే కాకరకాయలు తరగమంటుంది. పని పూర్తయ్యేసరికి ఒక్కోసారి అడిగినవాళ్ళకే ప్రశ్న గుర్తుండదు. అయినా గోదావరి దాటి ఆ లంకలోని పెంకుటింటికి జనం వస్తూనే ఉండేవారు.

ఆ సాయంత్రం హైమావతి పంటు దిగేసరికి లంక అంతా సగం నిద్రలో ఉంది. నీటి మీది పల్చటి మంచు ఒడ్డెక్కి అరటితోటల్లోకి మెల్లగా నడుస్తోంది. పంటు మీద ఎవరి ఫోన్‌లోనో మొదలైన జోలపాట ఆమె వెంటే ఒడ్డుకి వచ్చింది.

"వెన్నెలే పడవమ్మ కన్నా, నీ నిద్దరే తెడ్డమ్మ కన్నా..."

తీయటి గొంతు. ఎవరు విన్నా కళ్ళు మూతపడాల్సిందే. హైమావతి మాత్రం చెవులు మూసుకుని గబగబా నడిచింది.

ఆ పాట ఆమెది. కూతురు వకుళని ఉయ్యాలలో ఊపుతూ ఒక్కో మాటే వెతుక్కుని కట్టింది. 'కన్నా' అన్న చోటల్లా 'వకుళా' అని ఉండేది. పోయిన ఏడాది ముచ్చటపడి తనే పాడి ఫోన్‌లో అందరికీ పెట్టింది. చుట్టాలూ పక్కాలూ విన్నారు. తర్వాత ఎవరో పట్నం గాయని వకుళని లేపి, ఆ చోట కన్నాని కూర్చోబెట్టి, కింద రచన, గానం అంటూ తన పేరు వేసుకుంది. దాన్ని లక్షలమంది విన్నారు. మొన్న ఒక బారసాలలో హైమావతి పాడితే పేరంటాళ్ళు, "అచ్చం ఫోన్‌లో ఆవిడలాగే పాడావమ్మా, భలే నేర్చుకున్నావ్" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఇంటికొచ్చాక వకుళ అడిగింది: "అమ్మా, ఆ అత్త పాటలో నా పేరు నువ్వు పెట్టావా?" హైమావతి పెరట్లోకి పోయి ఏడ్చింది.

తమ్ముడేమో, "నువ్వు కట్టిన పాట ఎంతమందికి వినిపించినా నీదే అక్కా, కాపీరైట్ నీదే. ఒక్క ఫిర్యాదు పెడితే తీసేస్తారు" అన్నాడు. మరిదేమో, "వీధిలో పెట్టినదానికి కాపలా ఏంటి వదినా? పాట సరస్వతీదేవిది, నీదీ నాదీ ఏంటి?" అన్నాడు. మరిది మాట వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంది, అందుకే గుచ్చుకుంది.

అదే గురువుగారి ముందు పెట్టింది. "అమ్మగారూ, నలుగురికీ ఇచ్చేసిన పాట ఇంకా నాదేనా? నాదంటే చిన్నబుద్ధి అవుతుందా?"

మాణిక్యాంబ గారు పొయ్యి మీంచి పాలగిన్నె దించుతున్నారు. "తోడుకి పెరుగు లేదే. దీపాలు పెట్టేశాక ఎవరూ ఇవ్వరు. గబగబా సీతారత్నం ఇంటికెళ్ళి చెంచాడు పట్టుకురా" అన్నారు. ఇంట్లో నిజంగా పెరుగు లేదో, ఉండీ లేదన్నారో దేవుడికే తెలియాలి.

హైమావతి వెళ్ళేసరికి పక్కవీధి సీతారత్నం గారు వంటింటి గట్టంతా వెతుకుతున్నారు. ఆవిడ పెరుగంటే లంకలో పేరు. గిన్నె బోర్లించినా జారదంటారు. ఆ గిన్నే కనబడటం లేదు. అంతలో వాళ్ళ వాటాలోకి కొత్తగా దిగిన నీరజ, తోమిన గిన్నె చేత్తో పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. పట్నం పిల్ల, ప్యాకెట్ పెరుగు తప్ప ఎరగదు.

"మీ తోడు ఎంత బావుందో పిన్నిగారూ! ఊరినుంచి మావాళ్ళొస్తే అందరికీ వడ్డించాను, గిన్నె నాకేశారనుకోండి. రేపటికీ కాస్త ఇస్తారా?"

సీతారత్నం గారు ఖాళీ గిన్నెలోకి చూశారు. "పొద్దున తోడు కావాలన్నావ్. పిండిచేతులతో ఉన్నాను, తీసుకోమన్నాను. తోడంటే చెంచాడమ్మాయ్. గిన్నె కాదు."

"తీసుకోమన్నారు కదండీ మరి!" నీరజ నిజంగానే తెల్లబోయింది.

"అన్నాను. పెరుగెవరిదని చెప్పావు మీవాళ్ళకి?"

నీరజ ముఖం ఎర్రబడింది. "మా ఇంట్లో తోడుపెట్టిందే అన్నానండీ."

హైమావతి గుమ్మంలోనే ఆగి చూస్తోంది. తిడుతుందనుకుంది. లేదా పోనీలే అని నవ్వేస్తుందనుకుంది. సీతారత్నం గారు రెండూ చేయలేదు. "వాళ్ళింకా ఉన్నారుగా. వెళ్ళి సీతారత్నం పిన్నిదని చెప్పిరా. తర్వాత తోడు సంగతి చూద్దాం" అన్నారు మామూలుగా.

నీరజ వెళ్ళింది, చెప్పింది. గోడకవతల నవ్వులూ, అయ్యో పాపం అనడాలూ వినిపించాయి. తిరిగి వచ్చాక ఆ పిల్ల మొహంలో బరువేదో దిగినట్టుంది. తోడు కోసం ముగ్గురూ కలిసి రేవు దగ్గరున్న సత్తెమ్మ ఇంటికి నడిచారు. మంచు చిక్కబడింది. ముందు నడిచేవాళ్ళ కాళ్ళు కనిపించడం లేదు, మనుషులు తేలుతున్నట్టున్నారు. ఎక్కడో నది మీద అదే పాట మళ్ళీ మొదలై మళ్ళీ కరిగిపోయింది. ఈసారి హైమావతి దాన్ని ఆగి విన్నది. 'కన్నా' అన్న ప్రతిచోటా పెదవులతో తన కూతురి పేరు పలికింది.

సత్తెమ్మ అప్పుడే దీపం కుందిలో నూనె పోస్తోంది. సంగతి వినగానే అగ్గిపెట్టె పక్కనపెట్టి లేచింది. "ఇదేం భాగ్యమండీ, నిన్న మీరిచ్చిన తోడేగా ఇది. మా పిల్లలు సీతారత్నంగారి పెరుగనే అంటారండి దీన్ని." మూడు గిన్నెల్లో మూడు చెంచాల పెరుగు వేసింది. ఇంకా ఆమె కుండ నిండుగానే ఉంది. ఆ తర్వాతే దీపం వెలిగించింది.

హైమావతి తిరిగొచ్చి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. మాణిక్యాంబ గారు చెంచా అందుకుని పాలగిన్నె ముందు కూర్చున్నారు.

"పెరుగు తనదని చెప్పించుకుంటే సీతారత్నం నీ కంటికి చిన్నదైపోయిందా?"

"లేదండీ." హైమావతి ఆవిడకి ఎదురుగా కూర్చుంది. "ఆ గాయని పాడొద్దని నాకేం లేదమ్మగారూ. హాయిగా పాడుకోమనండి. నా పేరు వెయ్యాలి. నా బిడ్డ పేరుని దాని చోట ఉండనివ్వాలి. కాదంటే తీయించేస్తాను. ఆవిడకి అదే రాద్దామనుంది. ఇవాళే రాయనా, ఇంకొన్నాళ్ళు చూడనా?"

మాణిక్యాంబ గారు పాలలో చిటికెనవేలు ముంచి చూశారు.

"నువ్వొచ్చినప్పుడు పొగలు కక్కుతున్నాయి, తోడు వేస్తే విరిగిపోయేవి. ఇప్పుడు గోరువెచ్చగా ఉన్నాయి. ఇంకా నాన్చావంటే తోడుకోవు."