ఇరవై ఏడో పొర

సైదులు పిహెచ్‌డిలో చేరిన అయిదో ఏట ఒకే ఒక్క పొర బాగా వచ్చింది. అంతకుముందు చేసిన ఇరవై ఆరూ పనికిరాకుండా పోయాయి. ఆ తర్వాత చేసినవీ అంతే.

పని చెప్పడానికి తేలికే. కరిగించిన పాలిమర్‌లో జియోలైట్ పొడి కలిపి, గాజుపలక మీద పల్చగా పరిచి ఆరబెట్టాలి. జియోలైట్ రేణువుల నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఆ పొర మీదికి గోబర్ గ్యాస్ వదిలితే కార్బన్ డయాక్సైడ్ అవతలికి దూరిపోవాలి, మంటకు పనికొచ్చే మీథేన్ ఇవతలే ఆగాలి. కానీ పాలిమర్ రేణువుల్ని సరిగ్గా అంటుకోక చుట్టూ సందు వదిలేస్తోంది. ఆ సందులోంచి రెండూ కలిసే వెళ్ళిపోతున్నాయి.

ఇరవై ఏడోది మాత్రం చక్కగా వేరు చేసింది. సైదులు దాని మీదే పేపరు రాసి తన గైడు జ్ఞానసుందరి గారి బల్ల మీద పెట్టాడు. ఆమె వచ్చే నెల రిటైరవుతున్నారు. ఆలోగా ఆమె సంతకం కావాలి.

ఆమె మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, తెల్లకోటు తొడుక్కున్నారు.

"పద నాయనా. ఇవాళ నువ్వు చెప్పు, నేను చేస్తాను."

"మీకెందుకు మేడమ్ శ్రమ?"

"నాకూ నేర్చుకోవాలనుంది."

సైదులు నోటుబుక్కు చూసి చెప్పాడు. ఆమె పొడి తూచారు. పాలిమర్ అంతా ఒక్కసారే పోశారు. గంటసేపు తిప్పి, పలక మీద పరిచారు. ఆరాక పరీక్షిస్తే రెండు గ్యాసులూ వెళ్ళిపోయాయి.

"పలక సరిగ్గా కడగలేదేమో నేను" అన్నారామె.

రెండోసారీ అంతే. "తూకంలో పొరబడ్డానేమో."

మూడోసారీ పోయింది. ఆమె స్టూలు మీద కూర్చుని, పొరను కిటికీ వెలుగులో చూసి, తన వేళ్ళు తానే రుద్దుకున్నారు.

"నా చెయ్యే బాగాలేదు సైదులూ. వయసైపోయింది. విసుక్కోకుండా ఇంకొక్కసారి చెప్పు."

ఆమె చెయ్యి ఎలాంటిదో ఆ ల్యాబులో గాజు సామానుకి కూడా తెలుసు. సైదులు నోటుబుక్కు మూసేశాడు.

"మీ చెయ్యి కాదు మేడమ్. నా నోటుబుక్కే తప్పు."

ఆమె పొరను బల్ల మీద పెట్టి అతని వైపు తిరిగారు.

"ఇరవై ఏడోది చేసిన రోజు ముందు కాస్త పాలిమరే పోశాను. ఇంతలో మావాళ్ళు మ్యాట్నీకి రమ్మన్నారు. కలిపే స్టిర్రర్ తిరుగుతుండగానే వదిలేసి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చి మిగతాది పోశాను. రోజూ చేసినట్టే చేశానని రాసుకున్నాను. అది తప్పనుకుని మళ్ళీ ఎప్పుడూ అలా చెయ్యలేదు."

ఆమె లేచి, కొత్తగా తూచిన పొడి మీద రెండు చెంచాలంత పాలిమర్ పోసి, స్టిర్రర్ స్విచ్ వేశారు.

"ఇక వెళ్ళు."

"ఎక్కడికి మేడమ్?"

"ఆ రోజు ఎంతసేపు లేవో అంతసేపూ రాకు. అన్నం తిను."

సైదులు బయటికి వెళ్ళాడు గానీ ముద్ద దిగలేదు. బిల్డింగు చుట్టూ తిరుగుతూనే నాలుగు గంటలు గడిపాడు. తిరిగొచ్చేసరికి ఆమె అదే స్టూలు మీద ఉన్నారు.

"తినలేదు కదూ" అని తన డబ్బాలో మిగిల్చిన పెరుగన్నం అతని ముందుకు జరిపారు. అతను తిన్నాక మిగతా పాలిమర్ అతని చేతే పోయించారు.

ఈసారి మీథేన్ ఆగింది. అదే పద్ధతిలో ఇంకోటి చేశారు. దాంట్లోనూ ఆగింది. మొదట పోసిన ఆ కాస్తా తీరిగ్గా ఒక్కో రేణువుకీ పట్టింది. తర్వాత వచ్చిన పాలిమర్‌కి సందు వదిలే చోటే దొరకలేదు.

ఆమె నోటుబుక్కు తెరిచి ఇరవై ఏడో పేజీ మీద కలం పెట్టారు. సైదులు పాత వాక్యం కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాయబోయి ఆగిపోయాడు.

"పేపర్లో కూడా ఇలాగే రాయాలా మేడమ్? పని వదిలేసి పోయానని చదివితే నవ్వుతారు."

"నవ్వనీ నాయనా" అన్నారామె, కోటు విప్పుతూ. "నవ్వాక వాళ్ళూ చేసి చూస్తారు. వాళ్ళకీ వస్తుంది."