ఆకు అప్పగింత

రాచ అడవికి కొత్తగా అధికారిగా వచ్చిన జగ్గప్ప, నేల రాలిన ఎండుటాకు సైతం రాజుగారి సొత్తేనని చాటింపు వేయించాడు. ఎండలు ముదరకముందే ఆ అడవిలోని గూడెం చుట్టూ ఆకు ఊడ్చి, కార్చిచ్చు దాటిరాకుండా బాట తీయడం గూడెం పెద్ద పోలమ్మ వాళ్లకు తాతలనాటి అలవాటు. ఆ ఏడూ సగం ఊడ్చేసరికి భటులు వచ్చి పట్టుకున్నారు.

"ఊడ్చిందంతా తెచ్చి నాకు అప్పగించు. లేదా గూడెం ఖాళీ చెయ్యండి," అన్నాడు జగ్గప్ప.

పోలమ్మ గూడెం జనంతో మూటలు మోయించి, ఆయన మేడ చుట్టూ మోకాలెత్తున ఆకు పరిపించింది. అరుగు మీద చుట్ట కాలుస్తున్న జగ్గప్ప ఉలిక్కిపడి, చుట్టను నీళ్లచెంబులో ముంచేశాడు.

"మతిపోయిందా నీకు? ఒక్క రవ్వ పడితే కొంప బూడిదైపోదూ! ఊడ్చెయ్!"

"రాజుగారి సొత్తు కదా దొరా! ఊడిస్తే మళ్లీ తప్పంటారేమో."

జగ్గప్ప తడిసిన చుట్ట వంక చూశాడు. "అనను. ఎక్కడైనా ఊడ్చుకోండి," అన్నాడు.

పోలమ్మ చీపురు చంకన పెట్టుకుంది.

"మా గూడెం ఇంకా సగం మిగిలుంది దొరా. అది ముగించుకుని వస్తాం. అందాకా చుట్ట ముట్టించకండి."